మనుషుల వెనకాల నిలబడ్డ ఊరు
తెలుగు నేలపై ఫిలిం ఫోటో: ఒక సింహావలోకనం

పాతకాలపు ఇంట్లో ట్రంకు పెట్టె తీస్తే దస్తావేజులు, జాతకాలు, పట్టుచీరల మడతల మధ్య ఫోటోల కవరు ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి ఫోటోలు చేతులు మార్చుకుంటూ మనుషుల్ని గుర్తుపడతారు. ఈమె పెద్దత్త, ఈయన బందరు బాబాయి, ఈ చంటిది ఇప్పుడు అమెరికాలో ఉన్న పిల్ల. పేర్లు తేలాక ఫోటోలు మళ్లీ కవర్లోకి వెళ్లిపోతాయి. పెద్దత్త వెనకాల కనిపిస్తున్న చెరువు గట్టు ఏదో, బాబాయి పక్కన సగం పడిన పెంకుటిల్లు ఎవరిదో అడిగేవాళ్లు అరుదు.

ఎవరూ అడగని ఆ వెనక భాగంలోనే మన ఊళ్ల చరిత్ర ఉందని నా గట్టి నమ్మకం. ఫిలిం రోజుల్లో ప్రతి బొమ్మకూ ఖర్చు ఉండేది. రీలుకు పన్నెండో ముప్పై ఆరో బొమ్మలు, ఆపైన కడిగించడానికో ధర, ప్రింటుకో ధర. అంత ఖర్చు పెట్టి ఉత్త పొలాన్నో ఉత్త వీధినో తీసే స్తోమత సామాన్యుడికి లేదు. ఇంటివాళ్ల కోసం తీసిన బొమ్మలోకి ఊరు తనంతట తాను వచ్చి చేరింది. నేలనూ బతుకునూ ఒకే బొమ్మలో చూపిన ఈ ఫోటోలు ఎలా పుట్టాయో, ఎలా పెరిగాయో, ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి.

కాగితం, గాజు, సర్కారు కన్ను

1839లో ఐరోపాలో వెల్లడైన ఫోటో విద్య కొద్దికాలానికే మన దేశానికి చేరింది. ఇక్కడ దాన్ని మొదట వాడుకున్నవాళ్లు సైనికాధికారులు, సర్వే ఉద్యోగులు. లినియస్ ట్రైప్ అనే సైనికాధికారిని మద్రాసు ప్రభుత్వం 1856లో తన ఫోటోగ్రాఫర్‌గా నియమించుకుంది. గుళ్లు, కోటలు, శాసనాలు నమోదు చేయడం ఆయన పని. ఖర్చు ఎక్కువవుతోందని కొన్నేళ్లకే సర్కారు ఆ పని ఆపించింది.

ఆ కొద్దికాలంలోనే ట్రైప్ 1858లో అమరావతి శిల్పాలను ఫోటోలు తీశాడు. 1845లో మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన సున్నపురాతి ఫలకాలవి. మరుసటి ఏడే వాటిలో చాలా భాగం ఓడెక్కి లండన్ వెళ్లిపోయింది. వెళ్లేలోపు వాటి రూపాన్ని పట్టి ఉంచిన ఆ ఫోటోలు ఈనాటికీ అమూల్యమే. అయితే అమరావతి శిల్పాల ఆ తొలి ఫోటోల్లో అమరావతి లేదు. కృష్ణ ఒడ్డు లేదు, దీపాలదిన్నె లేదు, అక్కడ బతికే మనుషులు లేరు. మద్రాసు మ్యూజియంలో వరసగా పేర్చిన రాళ్లే ఉన్నాయి.

ఇరవై ఏళ్లు తిరగకముందే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని పీల్చి పిప్పి చేసిన ఆ కరువులో రాయలసీమ దారుణంగా నష్టపోయింది. విల్లోబీ వాలెస్ హూపర్ అనే మరో సైనికాధికారి ఎముకల గూళ్లయిన కరువు బాధితులను వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. వాటిని చూసి లండన్‌లో జనం చలించారు. ఆకలితో చచ్చేవాళ్లను కెమెరా ముందు కూర్చోబెట్టాడన్న నింద కూడా ఆయనను వెంటాడింది. అమరావతి ఫోటోల్లో మనిషి లేని రాయి ఉంటే, ఇక్కడ ఊరు పేరు లేని మనిషి ఉన్నాడు. బొమ్మ తీయించింది ఎవరో, ఎందుకో అన్నదాన్ని బట్టే బొమ్మలో ఏది మిగలాలో తేలేది. మనవాళ్లు తమ కోసం తాము బొమ్మ తీయించుకునే రోజు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

సికింద్రాబాదు స్టూడియో

మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా చేసుకుని రాజా బిరుదు ఇచ్చాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో దీన్‌దయాళ్ విడిగా జనానా స్టూడియో తెరిచాడు. ఆడవాళ్లను ఆడవాళ్లే ఫోటో తీసే ఏర్పాటు అది. ఆ కాలానికి చాలా పెద్ద అడుగు.

దీన్‌దయాళ్ పేరు చెప్పగానే నవాబుల తలపాగాలు, వేట విడిదులు గుర్తొస్తాయి. నన్ను ఎక్కువగా ఆపేవి మాత్రం ఆయన కరువు సహాయ పనుల ఫోటోలు. రాళ్లు కొట్టే కూలీలు, గంజి కేంద్రాల ముందు కూర్చున్న జనం, వాళ్ల వెనక చెట్టు లేని దక్కను మైదానం ఆ బొమ్మల్లో ఉన్నాయి. ఆస్థానం తన మంచి పనులను చాటుకోవడానికి తీయించినవే అయినా, హైదరాబాదు సంస్థానంలో నేల ఎంత ఎండిపోయిందో, మనిషి ఎంత వంగిపోయాడో వాటిలో కనిపిస్తుంది. ఆయన 1905లో కన్నుమూశాడు. స్టూడియోలో మిగిలిన గాజు నెగెటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. అవి నిలిచింది దాచినవాళ్లు ఉన్నందువల్లే. మన పట్టణాల స్టూడియోల్లో గాజు పలకలకు ఆ అదృష్టం పట్టలేదు. పైపూత గీకి పటాలు కట్టడానికి వాడిన పలకలు ఎన్నో.

గాజు పోయి ఫిలిం వచ్చాక

గాజు పలకల రోజుల్లో కెమెరాతో ఊరు దాటాలంటే బండి కావాలి, గుడారం కావాలి, కూలీలు కావాలి. జార్జి ఈస్ట్‌మన్ 1888లో చుట్ట చుట్టిన ఫిలింతో పనిచేసే కొడాక్ కెమెరాను తెచ్చి ఆ బరువంతా దించేశాడు. 1900లో వచ్చిన బ్రౌనీ ధర ఒక్క డాలరు. 1925లో లైకా వచ్చాక కెమెరా జేబులో పట్టింది. మనిషి ఎక్కడికి వెళ్తే కెమెరా అక్కడికి వెళ్లగలిగింది.

ఆ మార్పు తెలుగు నేలకు ఏమిచ్చిందో తెలియాలంటే ఆదిలాబాదు అడవుల్లోకి వెళ్లాలి. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేసరికి మన దేశంలో ఉండి, హైదరాబాదు సంస్థానం దాటకూడదన్న ఆంక్షల మధ్య ఇక్కడే పని మొదలుపెట్టాడు. నల్లమల చెంచుల మధ్య, గోదావరి పాపికొండల కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదు గోండుల మధ్య భార్య బెట్టీతో కలిసి నెలల తరబడి ఉన్నాడు. జోడేఘాట్‌లో 1940లో గోండు నాయకుడు కుమ్రం భీము నేలకొరిగాక గోండుల గోడు తెలుసుకోవడానికి నిజాం సర్కారు పంపింది ఈయననే. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఆ జంట గోండుల ఇరుగుపొరుగైంది.

ఆయన తీసిన వేలాది ఫోటోలు లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థ దగ్గర ఉన్నాయి. వాటిలో మనిషిని నేల నుంచి విడదీసిన బొమ్మలు తక్కువ. చెంచుల గుడిసె కనిపిస్తే చుట్టూ అడవి కూడా కనిపిస్తుంది. కొండరెడ్ల ఊరు కనిపిస్తే కింద గోదావరి కనిపిస్తుంది. గోండుల దండారీ పండుగలో నెమలి ఈకల టోపీ పెట్టుకున్న గుస్సాడీ నర్తకుడి వెనక ఆ ఊరి ఇళ్లు, చూడవచ్చిన జనం ఉంటారు. 1970లలో ఆయన మళ్లీ అవే ఊళ్లకు వచ్చాడు. మూడు దశాబ్దాల్లో అడవి ఎంత తరిగిందో, భూములు ఎవరి చేతుల్లోకి వెళ్లాయో కళ్లారా చూసి 1982లో పుస్తకం రాశాడు. తన పాత ఫోటోలే ఆయనకు కొలబద్ద. బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే మార్లవాయి మట్టిలోనే సమాధి చేశారు. పాపికొండల్లో ఆయన ఫోటో తీసిన గోదావరి ఒడ్డు ఊళ్లలో కొన్ని ఇప్పుడు పోలవరం ముంపు లెక్కల్లో ఉన్నాయి. పోయే ఊరికి ఒక ముఖం మిగిలిందంటే ఆ ఫిలిం చలవే.

హైమెన్‌డార్ఫ్ పని మొదలుపెట్టిన 1940లలోనే కమ్యూనిస్టు పార్టీ పత్రికల కోసం దేశమంతా తిరిగిన సునీల్ జానా ఆంధ్ర, తెలంగాణ రైతాంగాన్ని దగ్గరగా ఫోటోలు తీశాడు. అప్పటిదాకా దయ కోసమో పన్నుల కోసమో కెమెరాకు చిక్కిన రైతు ఆయన బొమ్మల్లో తలెత్తి నిలబడ్డాడు.

తెర మీద కాశ్మీరు, తలుపు బయట చెరువు

మహానుభావుల కథ ఇలా ఉంటే, మామూలు మనిషి కెమెరా ముందుకు వచ్చింది పట్టణం స్టూడియోలో. గుంటూరు, రాజమండ్రి, వరంగల్లు, కర్నూలు, ఏ ఊరు చూసినా బస్టాండు దగ్గరో గాంధీ బొమ్మ సెంటర్లోనో ఒక స్టూడియో వెలిసింది. పెళ్లయిన కొత్త జంట, పరీక్ష పాసైన కుర్రాడు, బాలింతరాలు, పటాలంలో చేరబోయే కొడుకు అక్కడికి వచ్చారు. గోడకున్న అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా అందరివీ. అవసరమైతే కోటు కూడా స్టూడియోదే.

వాళ్ల వెనక తెర మీద మంచుకొండలు, హంసలు తిరిగే సరస్సు, పాలరాతి మెట్లు రంగుల్లో గీసి ఉండేవి. తలుపు తీస్తే కనిపించే చెరువు, తాటితోపు, దుమ్ము రేగే బజారు మాత్రం ఫోటోలోకి రాలేదు. వాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు. రోజంతా బురదలో పనిచేసే మనిషి జీవితంలో ఒక్కసారి తీయించుకునే బొమ్మలో ఆ బురదనే కోరుకోడు. ఆ తెరలు మనవాళ్ల కలల చరిత్ర. కానీ అదే కాలంలో ఆ ఊళ్లు ఎలా ఉండేవో చెప్పే బొమ్మలు అందుకే అంత తక్కువగా మిగిలాయి.

క్లిక్ కెమెరా గడప దాటించింది

మనిషిని తెర ముందు నుంచి గడప బయటికి తెచ్చిన ఘనత చవక కెమెరాలది. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ అందులో మొదట తలుచుకోవాల్సింది. నల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, ముందు చిన్న కటకం. దూరం సరిచేసే పని లేదు, షట్టరు వేగం ఒక్కటే. ఎండకూ మబ్బుకూ గుర్తులుంటాయి, వాతావరణం చూసి మీట జరపాలి. వెనక మూత తెరిచి 120 రకం రీలు వేసి, కాగితం కొసను ఖాళీ చుట్టుగడ్డకు తగిలించి మూత బిగిస్తారు. వెనకున్న ఎర్రటి కిటికీలోంచి చూస్తూ ఒకటి అంకె కనిపించేదాకా చక్రం తిప్పాలి. అక్కడి నుంచి పన్నెండు చదరపు బొమ్మలు. తిప్పడం మరిచి మళ్లీ నొక్కితే ఒక మనిషి మీద ఇంకో మనిషి పడతాడు. ఎండలో రీలు మారిస్తే లైటు పడి అంచులు తెల్లబారతాయి. అందుకే వేపచెట్టు కింద, కండువా నీడలో రీలు మార్చేవారు.

ఆ కెమెరాకు ఫ్లాష్ లేకపోతే చీకటి గదిలో బొమ్మ రాదు. వెలుతురు కోసం మనుషుల్ని వాకిట్లోకి, వీధిలోకి, పొలం గట్టు మీదికి పిలవక తప్పలేదు. అలా వాళ్ల వెంట ఊరు కూడా ఫోటోలోకి వచ్చింది. మన పల్లెలు తొలిసారి ఇంత విరివిగా బొమ్మల్లోకి ఎక్కడానికి ఇదే కారణం.

రీలు కడగడం స్టూడియో వారి పని. చిమ్మచీకట్లో చేతి స్పర్శతో రీలు విప్పి డెవలపర్‌లో ముంచి, నీళ్లలో తిప్పి, హైపోలో నిలిపి, బాగా కడిగి తీగకు క్లిప్పులతో వేలాడదీసేవారు. కాగితం మీద ప్రింటు వేసేటప్పుడు ఎర్ర బల్బు పెట్టుకోవచ్చు. ఆ ఎర్రటి వెలుగులో తెల్ల కాగితం మీద ముఖాలు మెల్లగా పైకి తేలడం చూసిన పిల్లలు ఎందరో ఆ పనిలోనే స్థిరపడ్డారు. హైపో పోయేదాకా కడిగిన ప్రింట్లు అరవై డెబ్బై ఏళ్లకూ చెక్కుచెదరలేదు. తొందరపడి కడిగినవి పసుపు మరకలు పట్టాయి.

ఫిలిం దిగుమతికి ఆంక్షలున్న రోజులవి. స్వదేశంలోనే చేసుకోవాలని 1960లో ప్రభుత్వం హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్‌ను నెలకొల్పింది. దుమ్ము లేని చల్లటి గాలి, మంచి నీరు కావాలి గనుక ఊటీని ఎంచుకున్నారు. 1967లో ఉత్పత్తి మొదలైంది. ఇందు పేరుతో వచ్చిన నలుపు తెలుపు ఫిలిం, కాగితం, ఎక్స్‌రే ఫిలిం దేశమంతటా చేరాయి.

ఒక చదరపు ఫోటో చెప్పే సంగతులు

నా దగ్గర అలాంటి చదరపు ఫోటో ఒకటుంది. నడుం మీద బిడ్డతో ఒక ఇల్లాలు నిలబడి ఉంది. ఎండకు కళ్లు చికిలించింది. వెనక తేదీ లేదు, పేరు లేదు. మనిషిని వదిలి వెనక్కి చూస్తే మాత్రం సంగతులు ఒక్కొక్కటే బయటపడతాయి. ఎడమ పక్క మోటబావి, దాని దిగుడు బాట, బాట మీద ఎద్దుల జత. ఎక్కడా కరెంటు స్తంభం లేదు. అంటే ఆ పొలానికి ఇంకా మోటారు రాలేదు. కుడి పక్క జొన్నచేను నిలువెత్తు పెరిగి, కంకులు బరువెక్కి ఉన్నాయి. కోతకు కొద్దిరోజులే ఉన్నట్టుంది. దూరంగా ఇంటి కప్పు సగం తాటాకు, సగం కొత్త పెంకు. ఆ ఏడు పంట చేతికొచ్చి కప్పు మార్చుకుంటున్నారని ఊహించవచ్చు. నేల మీద ఫోటో తీస్తున్నవాడి నీడ కూడా పడింది. ఆ నీడ పొడవును బట్టి ఉదయమో సాయంత్రమో అని తెలుస్తోంది.

ఒక్క బొమ్మలో సాగునీరు, పంట, ఇంటి స్థితి, పొద్దు అన్నీ ఉన్నాయి. ఇవేవీ ఆ ఫోటో తీసినవాడు అనుకుని తీసినవి కావు. అందుకే వాటిని నమ్మవచ్చు. అడంగల్లులో ఆ చేను సర్వే నంబరు ఉంటుంది గానీ, చేనులో జొన్న ఎంత ఎత్తు పెరిగిందో ఉండదు.

రంగుల రీలు, పత్రికల రీలు

1980లలో రంగుల ఫిలిం సామాన్యుడికి అందింది. హాట్‌షాట్ కెమెరాలు, ఆ తర్వాత కొడాక్ చిన్న కెమెరాలు, పట్టణాల్లో గంటలో ప్రింటిచ్చే కలర్ ల్యాబులు వచ్చాయి. తిరుపతి గుండు, గోదావరి పుష్కరాలు, సాగర్ విహారయాత్ర, గల్ఫ్ వెళ్తున్న కొడుకును సాగనంపిన విమానాశ్రయం, అన్నీ ఆల్బంలోకి ఎక్కాయి. దుబాయికో కువైట్‌కో వెళ్లినవాళ్లకు ఇంటి నుంచి ఉత్తరంతో పాటు ఫోటో వెళ్లేది. అందులో బిడ్డ ఎంత ఎదిగిందో, కట్టిస్తున్న ఇల్లు ఏ ఎత్తుకు లేచిందో రెండూ కలిపి చూపించేవారు. పరాయి దేశంలో ఉన్న మనిషికి ఊరు అందేది ఆ ముప్పై ఆరు బొమ్మల్లోనే.

జిల్లా పత్రికల రాక ఇంకో మలుపు. 1970ల నుంచి తెలుగు దినపత్రికలు విస్తరించి, తర్వాత జిల్లాకో అనుబంధం వేయడంతో ప్రతి చిన్న పట్టణంలోనూ వార్తా ఛాయాగ్రాహకుడు పుట్టుకొచ్చాడు. చాలామంది స్టూడియో నడుపుతూనే ఈ పని చేశారు. తీసిన రీలును కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవారు. గండి పడిన చెరువులు, ఎండిన వేరుశనగ, వలస బండ్లు, సంతలు, బతుకమ్మలు అలా అచ్చులోకి వచ్చాయి. దివిసీమను 1977 నవంబరు 19న ముంచిన ఉప్పెన మన జ్ఞాపకంలో ఇప్పటికీ నలుపు తెలుపులోనే ఉండడానికి కారణం ఆనాటి పత్రికా ఫోటోలే.

వరంగల్లు నుంచి వచ్చిన గుడిమల్ల భరత్ భూషణ్‌ను ఇక్కడ చెప్పుకోకపోతే ఈ కథకు వెలితి. చిత్రకారుడి కన్నున్న ఛాయాగ్రాహకుడాయన. తెలంగాణ ఊళ్ల ఇళ్లు, తలుపులు, గడపలు, గోడల రంగులు, బతుకమ్మ ఆడే ఆడపడుచులు ఆయన జీవితకాలపు పని. పాత ఇంటి తలుపును ఆ ఇంట్లో కాపురమున్నవాళ్లతో కలిపి చూడటం ఆయన నేర్పాడు. 2022లో వెళ్లిపోయాడు.

1993లో ప్రధాన ఎన్నికల కమిషనర్ టి.ఎన్. శేషన్ హయాంలో ఓటరు ఫోటో గుర్తింపు కార్డులకు ఆదేశాలు వచ్చాక, అంతవరకు ఒక్క బొమ్మ కూడా తీయించుకోని నిరుపేదకు సైతం ఫోటో వచ్చింది. కానీ అది ముఖం మటుకే పట్టిన బొమ్మ. అక్కడ ఊరు మళ్లీ మాయమైంది.

నీళ్లలో మునిగిన ఊళ్లు

ఈ ఫోటోల విలువ ముంపు ఊళ్లవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోగా పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు తవ్వి, ఫోటోలు తీసి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించింది. ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురికి బొమ్మలు దక్కాయి. అదే లోయలో ఎడ్లబండి తోలుకుంటూ బతికిన ఊళ్లకు అంత శ్రద్ధ దక్కలేదు. శ్రీశైలం జలాశయం నిండేటప్పుడు, 1980ల మొదట్లో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఆ గుడి చుట్టూ ఉన్న ఊరిని అలా విప్పి కట్టడం ఎవరి తరమూ కాదు. ఆ వీధులు మిగిలితే గిగిలితే ఎవరి ఇంటి పెళ్లి ఫోటోలోనో, పెళ్లికొడుకు వెనకాల, పందిరి గుంజల మధ్య మిగిలి ఉంటాయి.

రీలు ఆగిన చోట

2000 తర్వాత డిజిటల్ కెమెరా, ఆపైన చేతిఫోను ఫిలింను పక్కకు నెట్టేశాయి. 2009లో కొడాక్రోమ్ ఫిలిం తయారీ ఆగింది. 2012లో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. ఊటీ ఫ్యాక్టరీ 1990లలోనే ఖాయిలా పడి, చివరికి మూతపడింది. మన ఊళ్లలో డార్క్ రూములు జిరాక్సు గదులయ్యాయి. ఇప్పుడు మళ్లీ హైదరాబాదు, విశాఖ యువకులు కొందరు తాతల నాటి కెమెరాలు బాగుచేయించి రీళ్లు వేస్తున్నారు. 2018లో కొడాక్ ఎక్టాక్రోమ్ ఫిలింను తిరిగి తెచ్చింది. లెక్క పెట్టుకుని తీయాల్సి రావడం వల్ల ఆగి చూడటం అలవడుతుంది గనుక వాళ్ల ఉత్సాహం మెచ్చదగ్గదే.

అయితే కొత్త రీళ్ల కంటే పాత రీళ్ల గొడవ అత్యవసరం. 1980ల నాటి రంగుల ప్రింట్లు ఇప్పటికే ఎర్రబారి వెలిసిపోతున్నాయి. రంగుల ఫోటోలో నిలిచేది అద్దకం రంగు, వెలుతురుకూ వేడికీ అది ఆగదు. నలుపు తెలుపులో నిలిచేది వెండి, జాగ్రత్తగా ఉంచితే తరాలు నిలుస్తుంది. ఆ వెండి కోసమే పాత నెగెటివ్‌లను తూకానికి కొని కరిగించే వ్యాపారులూ ఉన్నారు. మూతపడుతున్న స్టూడియోలో వేల కుటుంబాల నెగెటివ్‌లు అట్టపెట్టెల్లో చెదలు పట్టిపోతున్నాయి. ఒక తాలూకా జనం ముప్పై నలభై ఏళ్ల బతుకు అందులో ఉంది.

తాళపత్రాలను ఊరూరా తిరిగి సేకరించిన పరంపర మనది. ఆ పట్టుదల ఫోటోల విషయంలో ఎందుకు ఉండకూడదు? జిల్లా గ్రంథాలయం ఒక స్కానరు పెట్టి, ఊరివాళ్లు తెచ్చిన ఫోటోను అక్కడికక్కడే నకలు తీసి, అసలును వాళ్లకే తిరిగి ఇవ్వవచ్చు. కాలేజీ చరిత్ర శాఖలు మూతపడే స్టూడియోల నెగెటివ్‌లు తీసుకుని, కుటుంబాల అనుమతితో వర్గీకరించవచ్చు. అంతవరకు ఆగకుండా మన ఇంట్లో మనం చేయగలిగిన పని ఒకటుంది. పెద్దవాళ్లు ఉండగానే ఫోటోలు ముందు పెట్టుకుని, ఎవరు అన్న ప్రశ్నతో ఆపకుండా, ఎక్కడ, ఏ కాలం, వెనక కనిపించేది ఏమిటి అని అడగాలి. చెప్పింది మెత్తటి పెన్సిలుతో ఫోటో వెనక రాయాలి. బాల్ పెన్ను వద్దు, ముందు వైపు అచ్చు పడుతుంది. నెగెటివ్‌లను ప్లాస్టిక్ సంచిలోంచి తీసి కాగితం కవర్లలో పెట్టి, తేమ లేని చోట ఉంచాలి.

రాజులకు శాసనాలున్నాయి, సర్కారుకు రికార్డులున్నాయి. సామాన్యుడి ఊరికి ఉన్న ఆధారం ఈ ఫోటోలే. వాటిని చదవగలిగిన చివరి తరం ఇంకా మన మధ్యే ఉంది. అడగాల్సింది ఇప్పుడే.